నల్లటి గళ్లకు పాఠం చెప్పిన రోజులు

2022లో మా మాదాపూర్ ఆఫీసు వారానికి మూడు రోజులు రమ్మంది. కొత్తవాళ్ల శిక్షణ మాత్రం ఆన్‌లైన్‌లోనే, ఏకబిగిన రెండు గంటలు. తెర మీద కెమెరాలు ఆపేసిన పన్నెండు నల్లటి గళ్లు. ప్రశ్న అడిగితే ఎవరింట్లోనో కుక్కర్ కూతే జవాబు. బద్ధకం వాళ్లదనుకున్నాను, తప్పు నాదే.

పాఠాన్ని పది నిమిషాల వీడియోలుగా విడగొట్టి ముందురోజే పంపాను. ఆఫీసుకు వచ్చే మంగళవారం పాఠం మానేసి, ఇద్దరిద్దరిని ఒకే కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి పరిష్కరించమని నిజమైన ఫిర్యాదులు అప్పగించాను. ఒకమ్మాయి నెల రోజులుగా దాచుకున్న సందేహం అప్పుడు బయటపడింది: పాస్‌వర్డ్ మార్చాక వీపీఎన్ (బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌కు కలిపే సాఫ్ట్‌వేర్) ఎందుకు కలవడం లేదని! పక్కనున్న అబ్బాయే చూపించాడు, అందులో పాత పాస్‌వర్డే నిలిచిపోయిందని. నన్ను అడగడానికి మొహమాటపడిందట.

వీడియోలు చూడకుండా వచ్చేవాళ్లు ఇప్పటికీ ఇద్దరున్నారు.