ఒక్కసారి బయటికెళ్తే ఎన్ని ఫోటోలు తీయాలి?

సరదా కోసం ఫోటోలు తీసేవాళ్లు ఎక్కువగా రెండు రకాలుగా చెడగొట్టుకుంటారు. కొందరు గంటసేపు తిరిగి ఏడెనిమిది వందల ఫోటోలతో ఇంటికొస్తారు. వాటిని చూసే ఓపిక లేక అన్నీ హార్డ్ డిస్కులో పడేస్తారు. ఇంకొందరు గొప్పవాళ్లు ఒక్క క్లిక్కుతోనే పట్టేస్తారట అని ఎక్కడో విని, రెండు మూడు తీసి కెమెరా సంచిలో పెట్టేస్తారు. ఈ రెండూ చూసి చూసి విసుగొచ్చింది, అందుకే లెక్క సూటిగా చెప్తున్నాను. గంటకు 36 ఫోటోలు తీయాలి. అవి కూడా కనిపించిన ప్రతిదాని మీదా కాదు, మూడు నాలుగింటి మీదే.

36 అని ఊరికే అనలేదు. 35 ఎం.ఎం. ఫిల్ము రోల్లో మామూలుగా అన్నే ఫ్రేములు ఉండేవి. 24 ఫ్రేముల రోల్స్ కూడా వచ్చేవి గానీ అవి చాలవు. ఒకచోట కూర్చుని ఒక్కొక్క ఫోటోనూ నిదానంగా చూసి, ఇది ఎందుకు బాగుంది, అది ఎందుకు పోయింది అని తేల్చుకోవడానికి 36 సరిగ్గా సరిపోతుంది. ఇప్పుడు 64 జీబీ కార్డులో 24 మెగాపిక్సెళ్ల రా ఫైళ్లు (కెమెరా పట్టినదంతా అలాగే దాచే పెద్ద ఫైళ్లు) కూడా రెండు వేల దాకా పట్టొచ్చు. కార్డుకు పట్టినన్ని కళ్లకు పట్టవు.

సరంజామా గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఉన్న కెమెరా చాలు, ఫోనైనా పర్లేదు. బ్యాటరీ నిండుగా, కార్డు ఖాళీగా ఉండాలి. లెన్సు ఒక్కటే తీసుకెళ్లండి. తీసిన వెంటనే ఫోటో తెరమీద కనిపించే సెట్టింగు ఆపేయండి, నొక్కి పట్టుకుంటే గబగబా వరుసగా ఫోటోలు తీసే బర్స్ట్ మోడ్ కూడా ఆపేయండి. ఎక్స్‌పోజర్, అంటే ఫోటోలో వెలుతురు మోతాదు, సరిగ్గా ఉందో లేదో మొదట్లో ఒకసారి చూసుకుని, ఇక ఆ తెర జోలికి పోవద్దు.

మొదటి ఫోటోకు ఆలోచన అక్కర్లేదు. ఏదైనా కంటికి నచ్చగానే వెంటనే నొక్కేయండి, ఆ క్షణం దాటిపోతే ఏదో ఒకటైనా చేతిలో ఉంటుంది. ఒక్క క్లిక్కు మహిమ చెప్పేవాళ్లు తరచుగా ప్రకృతి దృశ్యాలకు పేరుపడ్డ అమెరికా ఫోటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ పేరెత్తుతారు. ఆయన 1941లో న్యూ మెక్సికోలోని హెర్నాండెజ్ అనే ఊరి మీద చంద్రుడు పైకొస్తుండగా తీసిన ఫోటోకు నెగటివ్ ఒక్కటే ఉన్న మాట నిజమే. కానీ ఆయన రెండోది కూడా తీయబోయాడు. ప్లేటు హోల్డరు తిప్పేలోపే శ్మశానంలోని శిలువల మీది ఎండ పోయింది, అందుకే ఒక్కటే మిగిలింది. అంతటివాడే రెండోది కావాలనుకున్నప్పుడు మనం ఒక్కదానితో ఆగడానికి కారణమేం లేదు.

అసలు పని రెండో ఫోటో దగ్గర మొదలవుతుంది. దాదాపు అందరూ చెడగొట్టేదీ ఇక్కడే, కాబట్టి కాస్త నెమ్మదిగా చదవండి.

రెండు క్లిక్కుల మధ్య ఏదో ఒకటి మారాలి. ఒకేచోట నిలబడి, అదే ఎత్తులో, అదే వైపు నుంచి పదిసార్లు నొక్కితే మీరు తీసింది ఒక్క ఫోటోనే. మారాల్సింది మీరు నిలబడ్డ చోటు, కెమెరా ఎత్తు, దూరం, లేదా ఎదురుగా జరుగుతున్న పని. జూమ్ తిప్పడాన్ని మార్పు కింద లెక్కవేయకండి. జూమ్ చేస్తే దగ్గరివీ దూరానివీ అన్నీ ఒకే పాళ్లలో పెద్దవవుతాయి. నాలుగడుగులు ముందుకు వేస్తే దగ్గరివి బాగా పెద్దవై, దూరానివి దాదాపు అలాగే ఉంటాయి. అప్పుడే ఫోటో నిజంగా వేరేది అవుతుంది.

కిటికీ పక్కన కూర్చుని ఒక పెద్దాయన పేపర్ చదువుకుంటున్నాడు అనుకోండి. మొదటి ఫోటోలో వెనక ఉన్న కర్టెన్ రాడ్ ఆయన తలలోంచి పొడుచుకొచ్చినట్టు కనిపిస్తుంది. అర అడుగు ఎడమకు జరిగితే అది పోతుంది, అది రెండోది. మోకాళ్ల మీద కూర్చుంటే పేపర్ మీద పడ్డ వెలుతురు ఆయన గడ్డం కింద తగలడం కనిపిస్తుంది, అది మూడోది. అక్కడినుంచి మీరు కదలకూడదు. ఇక ఆయన కదలాలి. ఆయన వేలు నాలుకకు తాకించి పేజీ మూలను పట్టుకుంటాడు, కళ్లు మాత్రం ఇంకా పాత పేజీ చివరి వాక్యం మీదే ఉంటాయి. నొక్కాల్సింది అప్పుడు. తప్పిపోతే ఇంకో పేజీ ఉంది, ఆగండి.

నాలుగైదు ఫోటోలయ్యేసరికి ‘ఇక చాలు, అయిపోయింది’ అనిపిస్తుంది. ఈ మాటను అస్సలు నమ్మకండి. అప్పటికి అయిపోయింది మీకు వెంటనే తట్టిన కోణాలే. అక్కడే ఇంకో నిమిషం కెమెరా దించి ఊరికే చూడండి. అంచుల్లో ఏముంది, నీడ ఎటు పడుతోంది, చేతులు ఏం చేస్తున్నాయి, ఇవన్నీ కనిపించడం అప్పుడు మొదలవుతుంది. మనుషులైతే ఆ నిమిషంలో మీ సంగతి మరిచిపోతారు కూడా. మంచివి ఎక్కువగా ఆరో ఫోటోకూ పదోదానికీ మధ్య వస్తాయి.

ఎప్పుడు ఆపాలో తెలుసుకోవడం ఇంకా కష్టం. దానికి ఒకటే పరీక్ష. నొక్కే ముందు, పోయినదానికీ దీనికీ తేడా ఏంటో లోలోపల ఒక్క ముక్కలో చెప్పుకోండి. ‘కిందికి వచ్చాను’, ‘వేలు పైకి లేచింది’, ఇలా. చెప్పుకోలేకపోతే నొక్కకండి. వరుసగా రెండుసార్లు చెప్పుకోలేకపోయారంటే అక్కడి పని అయిపోయింది, వేరేదాని దగ్గరికి వెళ్లండి. ఏదైనా బాగా వచ్చిందని గట్టిగా అనిపిస్తే మాత్రం ఇంకో రెండు తీసి కదలండి, ఎందుకంటే ఆ సంతోషంలో ఫోకస్ తప్పిన సంగతి గమనించం.

బర్స్ట్ మోడ్ పెడితే ఈ గొడవే ఉండదు కదా అంటారు. సెకనుకు పది ఫోటోలు వస్తే పక్కపక్కవాటి మధ్య తేడా సెకనులో పదో వంతు. ఇంటికొచ్చాక ఆ పదింట్లో ఏది మేలో తేల్చుకోలేక అన్నీ ఉంచేస్తారు. అంతకంటే పెద్ద నష్టం, ఎప్పుడు నొక్కాలో వేలికి ఎప్పటికీ అలవాటు కాదు. ఎగిరే పక్షులు, ఆటల పోటీలు తీసేవాళ్లకు అది తప్పదు. వాళ్లు మూడు నాలుగు ఫ్రేముల చొప్పున తీసుకుంటే సరిపోతుంది.

గ్రూప్ ఫోటోల లెక్క వేరు. జనం పెరిగేకొద్దీ ఎవరో ఒకరు కళ్లు మూస్తారు. ఆస్ట్రేలియాలో నిక్ స్వెన్సన్, పియర్స్ బార్న్స్ అనే ఇద్దరు దీన్ని లెక్కగట్టి 2006లో ఇగ్ నోబెల్ (ముందు నవ్వించి, తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే సరదా బహుమతి) అందుకున్నారు. ఇరవై మందిలోపు గుంపైతే వెలుతురు బాగున్నప్పుడు తలల సంఖ్యను మూడుతో, వెలుతురు తక్కువైతే రెండుతో భాగించి అన్ని ఫోటోలు తీయమన్నారు. పన్నెండు మందికి పగలు నాలుగు, మసక వెలుతురులో ఆరు. ఎక్స్‌పోజర్ మార్చి వరుసగా తీసే మూడింటినీ, పనోరమా కోసం తీసే ముక్కలన్నింటినీ ఒక్క ఫోటోగానే లెక్కవేయండి.

ఎక్కువ తీస్తే నష్టమేముంది, డిజిటలే కదా అనేవాళ్లకు గ్యారీ వినోగ్రాండ్ సంగతి చెప్తుంటాను. అమెరికా వీధి ఫోటోగ్రఫీలో చాలా పెద్ద పేరు ఆయనది. 1984లో చనిపోయేనాటికి కడగని రోల్స్ సుమారు 2,500 మిగిలాయి, కడిగినా ప్రింటు వేసి చూడనివి వేలల్లో ఉన్నాయి. ఆ ఫోటోల్లో ఏది ఉంచాలో, ఏది తీసేయాలో చివరికి వేరేవాళ్లు తేల్చాల్సి వచ్చింది. మీరు తీసినవాటిని మీరే చూడాలి.

ఎంపిక తేలికే. కెమెరాలో డిలీట్ చేయకండి, ఆ చిన్న తెరమీద ఏదీ సరిగా తెలియదు. ఒక రాత్రి ఆగి పెద్ద తెరమీద చూడండి. మొదటి విడతలో పనికిరానివి తీసేయండి. రెండో విడతలో ఒకేలాంటివి పక్కపక్కన పెట్టి, మనుషుల ఫోటోలైతే కెమెరాకు దగ్గరగా ఉన్న కంటి మీద 100 శాతం జూమ్ చేసి, స్పష్టంగా ఉన్నదాన్ని ఉంచండి. 36లో మూడు నిలిస్తే ఆ రోజు బాగా జరిగినట్టే. ఆ మూడింటినీ రెండుచోట్ల దాచుకుని, తర్వాత కార్డును కెమెరాలోనే ఫార్మాట్ చేయండి. ఇదంతా పూర్తయ్యేదాకా మళ్లీ ఫోటోలు తీయడానికి బయల్దేరకూడదు.