క్లిప్పులు వేసుకున్నవారికి దంత సంరక్షణ, ఐదో పాఠం: ఫ్లోరైడ్ మౌత్‌వాష్, తీగ, సీసా మీది అంకెలు

క్లిప్పులు ఉన్నన్నాళ్లూ రోజుకు ఒకసారి ఫ్లోరైడ్ మౌత్‌వాష్‌తో పుక్కిలించాలని నాలుగో పాఠంలో చెప్పుకున్నాం. తర్వాత వచ్చిన ప్రశ్నలు చూస్తే, ఫ్లోరైడ్ అనేది క్లిప్పుల తీగను తినేస్తుందని విని కొందరు సీసాను అటకెక్కించారని, మంచిదే కదా అని మరికొందరు నిమ్మసోడా తాగిన వెంటనే కూడా పుక్కిలిస్తున్నారని అర్థమైంది. అందువల్ల ఈసారి చెప్పవలసిన రబ్బరు బ్యాండ్ల సంగతిని వాయిదా వేస్తున్నాను.

చికిత్స మొదట్లో వేసే సన్నని తీగ, ఎంత వంచినా మళ్లీ నిటారుగా వచ్చేది, నికెల్ టైటానియం తీగ. టైటానియం ఉన్న తీగలను వాటిపై సహజంగా ఏర్పడే పలుచని ఆక్సైడ్ పొర కాపాడుతుంది. ఫ్లోరైడ్ ఉన్న ద్రవం పుల్లగా ఉంటే, అందులో కొంత భాగం హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంగా మారి ఆ పొరను కరిగిస్తుంది. పులుపును కొలిచే పీహెచ్ (అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 3.2 దగ్గర సుమారు సగం ఫ్లోరైడ్ ఇలా మారుతుంది, 5.2 దగ్గర నూటికి ఒక వంతు. పులుపు లేని, అంటే తటస్థమైన 7 దగ్గర లెక్కలోకి రానంత తక్కువ. పొర పోయిన చోట తీగ గరుకుబారి, దాన్ని పన్నుకు పట్టి ఉంచే చిన్న బిళ్ల అయిన బ్రాకెట్‌లో జారడం కష్టమవుతుంది. లోహంలోకి హైడ్రోజన్ చేరితే తీగ పెళుసుబారుతుంది. స్టీలు తీగను కాపాడేది క్రోమియం ఆక్సైడ్ పొర. పుల్లని ఫ్లోరైడ్ దానినీ కొంత గరుకు చేస్తుంది.

ప్రయోగశాలల్లో తీగను ఫ్లోరైడ్‌లో ఏకధాటిగా ముంచి ఉంచి పరీక్షిస్తారు. రోజుకు ఒక నిమిషం చొప్పున మూడు నెలలు పుక్కిలిస్తే మొత్తం గంటన్నర అవుతుంది కాబట్టి కొన్ని పరీక్షల్లో గంటన్నర నానబెడతారు. నోటిలో ఆ నిమిషాలు విడివిడిగా వస్తాయి, మధ్యలో లాలాజలం కడుగుతూనే ఉంటుంది. తీగ దెబ్బతిన్నట్టు వచ్చే ఆ ఫలితాలను చూసి భయపడి మౌత్‌వాష్ మానేసినవారి పళ్లపై, బ్రాకెట్‌కు చిగురువైపు అంచున, గాలితో ఆరబెట్టగానే సుద్దరంగులో నెలవంకలాంటి తెల్లమచ్చ కనిపిస్తుంది. శుభ్రత తప్పితే నాలుగు వారాల్లోనే అది ఏర్పడవచ్చు. తీగను మార్చవచ్చు, ఆ మచ్చ దగ్గర పోయిన ఎనామెల్ (పంటి పైనుండే గట్టి పొర) మళ్లీ పెరగదు.

ఇక సీసా మీది అంకెలు. ఇక్కడ పొరపడేవారే ఎక్కువ, అందుకే నిదానంగా చెబుతాను. మౌత్‌వాష్ మీద 0.05% అని ఉంటే అది సోడియం ఫ్లోరైడ్ శాతం, ఫ్లోరైడ్ శాతం కాదు. సోడియం ఫ్లోరైడ్ బరువులో ఫ్లోరైడ్ 45% మాత్రమే. 0.05% అంటే 500 పీపీఎం (పది లక్షల భాగాల్లో 500 భాగాలు) సోడియం ఫ్లోరైడ్; అందులో ఫ్లోరైడ్ సుమారు 226 పీపీఎం. వారానికొకసారి వాడే 0.2% ద్రావణంలో సుమారు 905. టూత్‌పేస్ట్ మీద 1000 అనో 1450 అనో నేరుగా ఫ్లోరైడే రాస్తారు. దంతవైద్యులు పూసే పుల్లని ఫాస్ఫేట్ ఫ్లోరైడ్ జెల్ మీది 1.23% కూడా నేరుగా ఫ్లోరైడే, అంటే 12,300 పీపీఎం. 0.2, 1.23 అంకెలను పక్కపక్కన పెట్టి ఆరు రెట్లే కదా అనుకుంటే పొరపాటు. తేడా పదమూడు రెట్లకు పైనే. పైగా ఆ జెల్ పీహెచ్ 3, 4 మధ్య ఉంటుంది. టైటానియం తీగ ఉన్న నోటికి ఆ జెల్ పూయడం నాకు ఇష్టం లేదు. అవసరమైతే తటస్థ సోడియం ఫ్లోరైడ్ జెల్ గాని ఫ్లోరైడ్ వార్నిష్ (పళ్లపై వేసే పూత) గాని అడగండి. ఇంట్లో వాడే సీసాపై ఫాస్ఫారిక్ ఆమ్లం పేరు కనిపిస్తే దాన్ని పక్కన పెట్టి తటస్థమైనది తీసుకోండి.

నేను చెప్పే పద్ధతి ఒక్కటే: రాత్రి బ్రష్ చేసిన తర్వాత 10 మి.లీ. ఒక నిమిషం పుక్కిలించి ఉమ్మేసి, నీళ్లు తాగకుండా పడుకోవాలి. పుల్లని పానీయం తాగితే ముందు మంచినీళ్లతో నోరు కడిగి, అరగంట ఆగాలి. ఆరేళ్లలోపు పిల్లలకు మౌత్‌వాష్ వద్దు.

మౌత్‌వాష్ వల్ల ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే సమస్య) వస్తుందా అని నల్గొండ పాఠకులు అడిగినదానికి: పళ్లపై ఫ్లోరోసిస్ మచ్చలు ఎనామెల్ చిగురులోపల తయారవుతున్న వయసులో మింగిన ఫ్లోరైడ్ వల్ల వస్తాయి. పదిహేనేళ్లవారు పుక్కిలించి ఉమ్మేస్తే ఆ మచ్చలు కొత్తగా రావు. అయితే ఫ్లోరోసిస్ ఉన్న పన్నుపై బ్రాకెట్ అంత గట్టిగా అతుక్కోదు కనుక అది ఊడితే మౌత్‌వాష్‌ను అనుమానించకండి.

అభ్యాసం: ఇంట్లోని ప్రతి పేస్టు, మౌత్‌వాష్ తీసి, ఫ్లోరైడ్ పీపీఎంలో లెక్కగట్టండి. 0.044% సోడియం ఫ్లోరైడ్ అంటే ఎంతో, 0.05% ద్రావణం 10 మి.లీ.లో ఎన్ని మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంటుందో కాగితంపై చేయండి. 199 పీపీఎం, 2.26 మి.గ్రా. దగ్గరకు రావాలి. వారం రోజులపాటు పుల్లనివి తిన్న, తాగిన వేళలనూ పుక్కిలించిన వేళనూ పక్కపక్కన రాసి, అరగంటకన్నా తక్కువ వ్యవధి ఉన్నచోట గీత పెట్టండి. తదుపరి తీగ మార్పిడికి వెళ్లినప్పుడు మీ నోటిలో ఉన్నది ఏ లోహమో డాక్టరుగారిని అడిగి, అదే కాగితం చివర రాసుకోండి.