పిల్లల టీకా తర్వాత పెద్దోళ్ల నిమోనియా అడ్మిషన్లు తగ్గినాయా? మన జిల్లాలో లెక్క తీసే పద్ధతి

కర్నూలు, అనంతపురం, కడపలో కమ్యూనిటీ మెడిసిన్ పీజీ చేస్తూ థీసిస్ టాపిక్ వెతుక్కునే వాళ్లకి ఇది రాస్తున్నా. పిల్లలకి వేసే పీసీవీ (న్యూమోకోకల్ కాంజుగేట్ వ్యాక్సిన్) టీకాకి పెద్దోళ్ల నిమోనియాకి ఏం సంబంధం అని చాలామంది అడుగుతారు. నిమోనియా తెచ్చే న్యూమోకోకస్ అనే బ్యాక్టీరియా ఎక్కువగా చిన్నపిల్లల ముక్కులోనే ఉంటుంది, వాళ్లకి ఏమీ కాకపోయినా ఎత్తుకొని తిప్పే అవ్వకీ తాతకీ అంటుకుంటుంది, టీకాతో పిల్లల దగ్గర అది తగ్గితే ఇంట్లో పెద్దోళ్లకీ తగ్గుతుంది. అమెరికాలో 2000లో పిల్లలకి ఈ టీకా మొదలైనాక, 1997-99తో 2007-09ని పోల్చి చూస్తే ఏడాదికి దాదాపు 1,68,000 నిమోనియా అడ్మిషన్లు తక్కువైనాయి, అందులో 73,000 దాకా 85 ఏళ్లు, ఆపైన ఉన్నోళ్లవే. టీకా వేసింది పిల్లలకి, అంత లాభం ముసలోళ్లకి!

మన దేశంలో 2017లో కొన్ని రాష్ట్రాల్లో మొదలై 2021లో అంతటా వచ్చింది, 6 వారాలకి, 14 వారాలకి, 9 నెలలకి వేస్తారు. మనకి మొదటి చిక్కు ఇక్కడే, ఆ టైంలో కోవిడ్ ఉంది కాబట్టి 2020, 2021ని "టీకాకి ముందు" అని తీసుకోవద్దు. 2020 మార్చికి ముందు కనీసం మూడేళ్లు నెలనెలా లెక్క తీయండి, చలికాలాన్ని చలికాలంతోనే పోల్చండి.

తర్వాత ఎవరిని లెక్కేస్తారో ముందే రాసి పెట్టుకోండి. 18 ఏళ్లు నిండినోళ్లు, ఐసీడీ (జబ్బులకి ఇచ్చే అంతర్జాతీయ కోడ్) జే12 నుంచి జే18 దాకా, అంటే నిమోనియా కోడ్‌లు. కోవిడ్ నిమోనియా, టీబీ వేరే పెట్టండి. కేస్ షీట్లో మొదటి డయాగ్నసిస్ ఒక్కటే చూస్తే మోసపోతారు, ఏంటికంటే సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినడం) అనో రెస్పిరేటరీ ఫెయిల్యూర్ అనో పైన రాసి నిమోనియాని కింద రాస్తారు. అమెరికాలో ఇట్లా రాసే అలవాటు పెరిగినప్పుడు నిమోనియా ఉన్నదానికంటే ఎక్కువ తగ్గినట్టు కనిపించింది. రెండో లైన్ కూడా చదవండి.

అన్నిటికంటే ఎక్కువ టైం పెట్టాల్సింది జనాభా మీద. అడ్మిషన్లు 400 నుంచి 300కి తగ్గినాయి అంటే ఎంతమందిలో అనేది తెలియకుండా ఏమీ చెప్పలేం. 2011 సెన్సస్‌లో పాత కర్నూలు జిల్లా జనాభా 40.5 లక్షలు, అనంతపురం 40.8, కడప 28.8. 2022 ఏప్రిల్లో కర్నూలు నుంచి నంద్యాల, శ్రీశైలం వైపంతా పోయి నంద్యాల జిల్లా అయింది, అనంతపురం నుంచి పుట్టపర్తి, హిందూపురం, కదిరి పోయినాయి, కడప నుంచి రాయచోటి పోయింది. ముందు పాత జిల్లా, తర్వాత కొత్త జిల్లా పెట్టి లెక్కేస్తే టీకా లేకున్నా చాలా తగ్గినట్టు వస్తుంది! అందుకే పేషెంట్ అడ్రస్‌లో మండలం పేరు ఎక్కించుకొని, మొదటి నుంచి చివరిదాకా పాత జిల్లా హద్దులే పెట్టండి. కర్నూలు పెద్దాసుపత్రికి గద్వాల నుంచీ రాయచూరు నుంచీ కూడా వస్తారు, వాళ్లని తీసేయాలి. ఇంకోటి, 2023లో నంద్యాలలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది, అక్కడే చేరేవాళ్లు పెరిగితే కర్నూలులో తగ్గుతుంది, దాన్ని టీకా ఖాతాలో వేయొద్దు. నంద్యాల అడ్మిషన్లు కూడా కలపండి. ప్రైవేట్ ఆస్పత్రుల లెక్క దొరక్కపోతే "జిల్లా రేటు" అని రాయకుండా "ఈ ఆస్పత్రుల అడ్మిషన్లు" అని రాయండి, అందులో తప్పేం లేదు.

18-39, 40-64, 65 పైన అని విడగొట్టి ఒక్కోదానికి లక్షకి ఇన్ని అని తీయండి. అదే రిజిస్టర్‌లోంచి టీకాతో సంబంధం లేనిది ఒకటి, తుంటి ఎముక విరగడం లాంటిది, గ్రాఫ్‌లో నిమోనియా పక్కన గీయండి. రెండూ ఒకేలా తగ్గితే జనం ఆస్పత్రికి రావడమే తగ్గిందని అర్థం. నిమోనియా ఒక్కటే తగ్గితే అప్పుడు టీకా గురించి మాట్లాడొచ్చు, అది కూడా మెల్లగా, ఏంటికంటే ఈ లాభం పెద్దోళ్లకి చేరడానికి ఏళ్లు పడుతుంది, 2022లోనే గీత దిగిపోయిందంటే నేనైతే వేరే కారణం వెతుకుతా.

ఎథిక్స్ కమిటీ పర్మిషన్ వచ్చినాకే రికార్డ్ రూంకి పోండి, పేర్లు, ఫోన్ నంబర్లు ఎక్కించుకోవద్దు. రిజిస్టర్ దొరకని నెలకి సున్నా వేయొద్దు, ఖాళీగా వదిలి ఎందుకు ఖాళీనో పక్కనే రాయండి.