కంట్రోల్ ప్లేటు కూడా నిండిపోతుంటే ఏం చేశానంటే

కోళ్ల దాణాలో కలిపే లైసిన్ అనే అమైనో ఆమ్లాన్ని ఎక్కువగా ఇచ్చే కొరినెబ్యాక్టీరియం గ్లుటామికమ్ అనే బ్యాక్టీరియా స్ట్రెయిన్ (రకం) తయారుచేయడం నా పని. మామూలు స్ట్రెయిన్‌లో లైసిన్, త్రియోనిన్ అనే ఇంకో అమైనో ఆమ్లం రెండూ కలిసి, లైసిన్ తయారీకి కావాల్సిన ఆస్పార్టోకైనేజ్ ఎంజైమ్‌ని కట్టడి చేస్తాయి. ఆ కట్టడికి లొంగని మ్యూటెంట్ (జన్యువు మారిన కణం) కోసం మ్యుటేషన్లు తెచ్చే ఈఎంఎస్‌ అనే రసాయనం వాడి, కణాలను లైసిన్‌ని పోలిన ఏఈసీ అనే రసాయనం, త్రియోనిన్ కలిపిన ప్లేట్ల మీద వేశాను. మామూలు కణాలు అక్కడ పెరగకూడదు, లొంగనివే పెరగాలి.

తీరా చూస్తే ఈఎంఎస్ తగలని కంట్రోల్ కణాలు కూడా పెరిగాయి! రెండు వారాలు డోసు మారుస్తూ టెన్షన్ పడ్డాను. తప్పు డోసులో లేదు, ప్లేటులోనే ఉంది. మీడియంలోని ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్‌లో లైసిన్ ఉంటుంది, ఏఈసీని అది పనిచేయనివ్వలేదు. సరే అని ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ లేకుండా మినిమల్ మీడియం (కనీస పోషకాలే ఉన్నది) చేస్తే ఈసారి ఒక్కటీ మొలవలేదు. ఈ బ్యాక్టీరియా బయోటిన్ అనే విటమిన్‌ని సొంతంగా చేసుకోలేదు. ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్‌తో పాటు అదీ పోయింది. లీటరుకు కొన్ని మైక్రోగ్రాములు కలిపాక దారికొచ్చింది.

ఇంకో మార్పు కూడా చేశాను. ఈఎంఎస్‌ని సోడియం థయోసల్ఫేట్‌తో ఆపి (ఈఎంఎస్ క్యాన్సర్ కారకం, గ్లోవ్స్, హుడ్ లేకుండా ముట్టుకోవద్దు), కణాలను కడిగి, ఏఈసీ లేని మీడియంలో రాత్రంతా పెంచాను. మ్యుటేషన్ పడ్డా పాత ఎంజైమ్ కణంలో ఇంకా ఉంటుంది, కొన్ని విభజనలు జరిగితేనే కొత్త లక్షణం బయటపడుతుంది. మళ్లీ కడిగాకే ప్లేట్ల మీద వేశాను.

4వ రోజు ఉదయం కంట్రోల్ ప్లేటు ఖాళీ. పక్క ప్లేటులో ఆవగింజంత లేత పసుపు కాలనీలు 11. ఎంత సంతోషమో! ఫ్లాస్కుల్లో పెంచి చూస్తే వాటిలో 4 మాత్రమే లైసిన్ ఇవ్వడంలో తల్లి స్ట్రెయిన్‌ని దాటాయి. ఏఈసీ లేని ప్లేట్ల మీద 10 సార్లు మార్చి పెంచినా కొత్త లక్షణం పోకుండా 3 నిలిచాయి. ఆ మూడూ గ్లిసరాల్‌లో, మైనస్ 80 ఫ్రీజర్‌లో ఉన్నాయి.