విండోస్ 10 తరువాత ఏ దారి: నిర్ణయించుకునే విధానం

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. కంప్యూటర్ మునుపటిలాగే పనిచేస్తూ ఉంటుంది కనుక తొందరేమీ లేదనిపించవచ్చు. అయితే ఆ తరువాత బయటపడే భద్రతా లోపాలకు సవరణలు మామూలుగా అందవు కాబట్టి, బ్యాంకు లావాదేవీలు జరిపే యంత్రాన్ని అలాగే వదిలేయడం క్షేమం కాదు.

మొదట తేల్చుకోవలసింది మీ యంత్రానికి విండోస్ 11 అర్హత ఉందా అన్నది. మైక్రోసాఫ్ట్ వారి పీసీ హెల్త్ చెక్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఆ సంగతి చెబుతుంది. 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజి చాలునని నిబంధన ఉన్నా, 8 జీబీ ర్యామ్ లేనిదే పని సుఖంగా సాగదని నా అభిప్రాయం. ఇంటెల్ ప్రాసెసరైతే దాదాపుగా 8వ తరం నుంచే అనుమతిస్తారు. విండోస్ 11కు తప్పనిసరి అయిన భద్రతా ఏర్పాటు టీపీఎం 2.0 లేదని చూపినంత మాత్రాన నిరాశపడనక్కరలేదు. చాలా మదర్‌బోర్డుల్లో అది ఉండి కూడా, యంత్రపు మూల సెట్టింగులుండే బయోస్‌లో ఆపివేసి ఉంటుంది, ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ అనీ ఏఎండీ బోర్డుల్లో ఎఫ్‌టీపీఎం అనీ కనిపిస్తుంది. బయోస్‌లో చెయ్యి పెట్టే ముందు, బిట్‌లాకర్ (డిస్క్‌కు తాళం వేసే విండోస్ సదుపాయం) అమలులో ఉంటే దాని రికవరీ కీని కాగితం మీద రాసి పెట్టుకోవాలి.

అర్హత ఉన్నప్పుడు, ఉన్నదాని మీదే అప్‌గ్రేడ్ చేయాలా, అంతా తుడిచి కొత్తగా వేయాలా అన్న ప్రశ్న వస్తుంది. యంత్రం చక్కగా నడుస్తుంటే మొదటి పద్ధతే మేలు: ఫైళ్లు, ప్రోగ్రామ్‌లు యథాతథంగా ఉంటాయి, నచ్చకపోతే 10 రోజుల్లోపు సెట్టింగ్స్ నుంచే పాతదానికి తిరిగి వెళ్లవచ్చు. ఆ గడువులో డిస్క్ శుభ్రం చేయబోయి పాత విండోస్‌ను దాచి ఉంచే విండోస్.ఓల్డ్ ఫోల్డర్‌ను తొలగిస్తే మాత్రం ఆ అవకాశం పోతుంది. ఏ పద్ధతి ఎంచుకున్నా ముఖ్యమైన ఫైళ్ల నకలు వేరే డిస్క్‌లో ఉండి తీరాలి.

పాత హార్డ్ డిస్క్‌తో నత్తనడక నడిచే యంత్రమైతే, ఒక ఎస్ఎస్‌డీ (వేగంగా పనిచేసే కొత్త రకం డిస్క్) కొని దాని మీద కొత్తగా వేయడం అన్నిటికంటే తెలివైన పని. పాత డిస్క్‌ను తీసి దాచుకుంటే, తిరిగి బిగించగానే పాత ఏర్పాటంతా యథాస్థితిలో దొరుకుతుంది. అదే యంత్రంలో విండోస్ 10 సక్రమంగా యాక్టివేట్ అయి ఉంటే, కొత్తగా వేసినప్పుడు సాధారణంగా విండోస్ ప్రొడక్ట్ కీ కూడా అడగదు. అను ఫాంట్లతో, పేజ్‌మేకర్‌తో పనిచేసే డీటీపీ కేంద్రాలవారు మాత్రం ఆ ప్రోగ్రామ్‌ల ఇన్‌స్టాలర్లు, లైసెన్స్ వివరాలు చేతిలో ఉన్నాకే మొదలుపెట్టాలి. వీలైతే మరో యంత్రంలో ఒక పేజీ ముద్రించి చూసుకోవాలి.

అర్హత లేని యంత్రాల మీద దొడ్డిదారిన విండోస్ 11 వేసే ఉపాయాలు ఉన్నాయి గానీ, అలాంటి వాటికి అప్‌డేట్లు వస్తాయన్న హామీని మైక్రోసాఫ్ట్ ఇవ్వడం లేదు. జీవనాధారమైన యంత్రం మీద ఆ ప్రయోగం వద్దు. విండోస్ 10 చివరి వెర్షన్ అయిన 22హెచ్2 ఉన్న ఇంటి కంప్యూటర్‌ను ఈఎస్‌యూ (పొడిగించిన భద్రతా అప్‌డేట్ల) పథకంలో చేర్చితే 2026 అక్టోబరు 13 వరకు భద్రతా సవరణలు వస్తాయి. మైక్రోసాఫ్ట్ ఖాతాతో సెట్టింగులు బ్యాకప్ చేసేవారికి అది ఉచితం. బ్రౌజర్, ఈమెయిల్, వీడియోలతో సరిపెట్టుకునేవారికి విండోస్‌కు బదులు వాడుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్ చాలు. దానిని ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి, వైఫై, ప్రింటర్, తెలుగు టైపింగ్ సరిగా ఉన్నాయో లేదో పరీక్షించాకే డిస్క్ మీద వేయాలి.