నెట్‌వర్క్ స్టోరేజ్‌కి క్యూలు పెంచబోతున్నారా? ముందు ఇవి చూసుకోండి

పెద్ద మైగ్రేషనో, ఏడాది చివరి లోడో మీద పడబోతోందనగానే టీమ్‌లో ఎవరో ఒకరు "క్యూలు పెంచేద్దాం" అంటారు. క్యూ అంటే స్టోరేజ్‌కి వెళ్లే రిక్వెస్టులు నిలబడే వరస. వాటిని పెంచుదామన్న ఆలోచన తప్పేమీ కాదు. డిస్క్‌తో మాట్లాడే పాత పద్ధతి ఏహెచ్‌సీఐలో ఉన్నది ఒకటే క్యూ, అందులో పట్టేది 32 కమాండ్లు. ఎస్‌ఎస్‌డీల కోసం చేసిన ఎన్‌విఎంఈ పద్ధతి వచ్చాక 65,535 ఐఓ (చదివే, రాసే పనుల) క్యూల దాకా వీలుంది. లినక్స్ కూడా 2019లో వచ్చిన 5.0 కెర్నల్‌తో డిస్క్ రిక్వెస్టులు చూసే బ్లాక్ లేయర్‌లోని పాత సింగిల్ క్యూ దారిని తీసేసింది. చిక్కల్లా నడుస్తున్న సిస్టమ్ మీద చెయ్యి పెట్టడంతోనే వస్తుంది.

ముందు కాగితం మీద లెక్క వేయండి. ఒక రిక్వెస్ట్ వెళ్లి రావడానికి 0.5 మిల్లీసెకన్లు పడుతోందనుకుందాం. ఒకసారికి ఒక్కటే పంపితే సెకనుకు 2,000 రిక్వెస్టులు దాటవు. ఒకేసారి 20 పంపితే 40,000 దాకా వస్తాయి. మీ స్టోరేజ్ గరిష్ఠ సామర్థ్యం ఆ 40,000 అయితే కథ అక్కడితో ఆగిపోతుంది. ఆశకొద్దీ 256 పంపినా వచ్చేది అదే 40,000. ఒక్కో రిక్వెస్ట్ ఆగే సమయం మాత్రం 6.4 మిల్లీసెకన్లకు పెరుగుతుంది. కాబట్టి సగటు ఒక్కటే చూడకుండా, 99వ పర్సెంటైల్ లేటెన్సీ (నూటికి 99 రిక్వెస్టులు పూర్తయ్యేలోపు పట్టే సమయం) ఇప్పుడు ఎంతుందో రాసి పెట్టుకోండి. యూజర్లు ఫోన్ చేసేది దాని గురించే.

కొలవడానికి ఎఫ్‌ఐఓ అనే టెస్ట్ టూల్ వాడతారు కదా, అసలు ప్రమాదం అక్కడ పొంచి ఉంటుంది. రైట్ టెస్ట్‌కి ఫైల్ పేరు బదులు డిస్క్ పేరు ఇచ్చారంటే అందులోని డేటా పోయినట్టే. రీడ్ టెస్టులకు రీడ్‌ఓన్లీ ఆప్షన్ తప్పనిసరిగా పెట్టండి. రైట్ టెస్ట్‌కి విడిగా ఖాళీ వాల్యూమ్ తీసుకోండి. అందులో ఒకేసారి చాలా రిక్వెస్టులు పంపే లిబ్‌ఏఐఓ పద్ధతి వాడేటప్పుడు, క్యాష్‌ని పక్కన పెట్టే డైరెక్ట్ ఆప్షన్ ఇవ్వకపోతే మీరు ఐఓడెప్త్ (ఒకేసారి పంపే రిక్వెస్టుల సంఖ్య) 32 రాసినా పని ఒకదాని తర్వాత ఒకటిగానే జరుగుతుంది. పైగా క్యాష్‌లోంచి చదివిన అంకెలు చూసి సంబరపడిపోతాం.

ఐస్కజీ (నెట్‌వర్క్ మీదుగా డిస్క్ ఇచ్చే పద్ధతి) వాడేవాళ్లకు గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. లినక్స్‌లోని ఓపెన్ ఐస్కజీలో సమాంతరంగా పంపాలంటే సెషన్లు (స్టోరేజ్‌లోకి లాగిన్లు) పెంచాలి. సెషన్ పెరిగిందంటే అదే ఎల్‌యూఎన్ (స్టోరేజ్ మనకిచ్చిన డిస్క్) ఇంకో డిస్క్‌లా కనిపిస్తుంది. ఒకే డిస్క్‌కి ఉన్న దారులన్నీ కలిపి ఒకటిగా చూపే మల్టీపాత్ సెట్ చేయకుండా లాగిన్ అయితే ఎస్‌డీబీ, ఎస్‌డీసీ అని రెండు వస్తాయి. కొత్త డిస్క్ వచ్చిందనుకుని ఎవరైనా రెండోదాన్ని ఫార్మాట్ చేశారో, కొంప మునిగినట్టే. మల్టీపాత్ ముందు, సెషన్లు తర్వాత. ఈ వరస మార్చొద్దు.

ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ మీదుగా ఫైళ్లు పంచుకునే పద్ధతి) అయితే 5.3 కెర్నల్ నుంచి ఎన్‌కనెక్ట్ అనే మౌంట్ ఆప్షన్ ఉంది, 16 కనెక్షన్ల దాకా ఇవ్వొచ్చు. కానీ అదే సర్వర్ నుంచి ముందే ఒక మౌంట్ ఉంటే, అదే వెర్షన్‌తో వచ్చే కొత్త మౌంట్ మామూలుగా పాత కనెక్షన్లనే పంచుకుంటుంది. మీరిచ్చిన అంకెను పట్టించుకోదు, ఎర్రర్ కూడా చూపదు. రీమౌంట్‌తోనూ మారదు. ఆ సర్వర్ మౌంట్లన్నీ తీసి మళ్లీ పెట్టాలి, అంటే డౌన్‌టైమ్ అడగాలి. తర్వాత ఎన్‌ఎఫ్‌ఎస్ వాడే 2049 పోర్ట్‌కి ఎన్ని కనెక్షన్లు ఉన్నాయో లెక్కపెట్టి చూసుకోండి.

నెట్‌వర్క్ కార్డు వైపు ఒక చిన్న మాట. ఈథ్‌టూల్ కమాండ్‌కి చిన్న ఎల్ ఇస్తే క్యూల సంఖ్య చూపిస్తుంది, పెద్ద ఎల్ ఇస్తే మార్చేస్తుంది. చాలా డ్రైవర్లలో ఆ మార్పుతో ఇంటర్‌ఫేస్ కాసేపు ఆగి లేస్తుంది. స్టోరేజ్ ట్రాఫిక్ నడుస్తుండగా ఆ పని వద్దు. బాండింగ్ (కేబుళ్లను కలిపి ఒకటిగా వాడటం) ఉంటే, ఏది ఏ కేబుల్ మీద వెళ్లాలో తేల్చే హ్యాష్ పాలసీ కూడా చూడండి. లినక్స్‌లో డీఫాల్ట్ అయిన లేయర్ 2 పాలసీలో ఒకే సర్వర్‌కి వెళ్లే కనెక్షన్లన్నీ ఒకే కేబుల్ మీద పోతాయి. పదహారు కనెక్షన్లు పెట్టీ ఏం లాభం?

ఎన్‌విఎంఈని నెట్‌వర్క్ మీద నడిపే ఎన్‌విఎంఈ టీసీపీలో గమ్మత్తేమిటంటే, అడగకుండానే క్యూలు పుట్టుకొస్తాయి. లినక్స్ హోస్ట్ (స్టోరేజ్ వాడుకునే మెషీన్) మామూలుగా సీపీయూకి ఒకటి చొప్పున అడుగుతుంది. ప్రతి క్యూ ఒక టీసీపీ కనెక్షన్. 64 సీపీయూల హోస్టులు 20 ఉంటే హోస్ట్‌కి ఒకటి చొప్పున ఉండే అడ్మిన్ క్యూలతో కలిపి 1,300 కనెక్షన్లు టార్గెట్ (స్టోరేజ్ ఇచ్చే మెషీన్) మీద పడతాయి. ఇక్కడ పెంచడం కంటే తగ్గించడమే మేలు చేసే సందర్భాలు ఎక్కువని నా అభిప్రాయం. మల్టీపాత్ పాలసీ న్యూమా అని ఉంటే ఒక నోడ్ (కొన్ని సీపీయూలు, వాటి దగ్గరి మెమరీ కలిసిన భాగం) నుంచి ఒకే దారి వాడుతుంది, రెండో కేబుల్ ఖాళీగా ఉంటుంది. అదీ చూసుకోండి.

క్యూలు పెరిగాక స్టోరేజ్ నుంచి జవాబులన్నీ ఒకేసారి వచ్చి పడితే స్విచ్ బఫర్ నిండి ప్యాకెట్లు రాలిపోతాయి. టీసీపీ టైమ్‌అవుట్ దాకా వెళ్తే లినక్స్‌లో మామూలుగా కనీసం 200 మిల్లీసెకన్ల ఆలస్యం. స్విచ్ పోర్ట్‌లో డ్రాప్ కౌంటర్లు మార్పుకి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి నోట్ చేయండి. ఇంకో సంగతి, క్యూలో పంపిన వరసలోనే రైట్‌లు పూర్తవుతాయని ఎవరూ హామీ ఇవ్వరు. స్పీడ్ కోసం ఎఫ్‌సింక్ (రాసింది డిస్క్‌కి చేరేదాకా ఆగే కాల్) తీసేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

ఒకసారికి ఒక్క అంకె, ఒక్క హోస్ట్ మీదే మార్చండి. పాత విలువలు, వెనక్కి తిప్పే కమాండ్లు ఆ స్టోరేజ్ మీద కాకుండా వేరే చోట దాచండి. అది మౌంట్ కాకపోతే ఆ ఫైల్ ఎలా తెరుస్తారు? మారిన సెట్టింగ్ రీబూట్ తర్వాత నిలుస్తుందో లేదో లోడ్ రాకముందే ఒకసారి రీబూట్ చేసి చూడండి.