ఆస్తి పంపకం నేర్చుకుందాం – 3వ పాఠం: నాయన పోయినంక గుంటల లెక్క

పోయిన పాఠంలో వీలునామా చూసినం: ఇద్దరు సాక్షులు తప్పనిసరి, రిజిస్ట్రేషన్ ఇష్టం. వీలునామా రాయకుండనే మనిషి పోతే? మన నల్లగొండ, పాలమూరు పల్లెల్లో నేను ఎక్కువగా చూసింది ఇదే.

కాగితం, పెన్ను పట్టుకోండి. నాయన పేరు మీద 4 ఎకరాల 20 గుంటలు. ఎకరానికి 40 గుంటలు గనుక మొత్తం 180. ఇంట్లో అమ్మ, ఇద్దరు కొడుకులు, పెండ్లయిన బిడ్డ.

భూమి నాయన సొంతంగా కొన్నదైతే, 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం నలుగురికీ సమానం: తలా 45 గుంటలు. నాయనను కన్న తల్లి, అంటే నాయనమ్మ, బతికుంటే ఆమెకూ ఒక వాటా. అప్పుడు తలా 36. విరాసత్ (వారసుల పేర్ల మీదికి పట్టా మార్చే) దరఖాస్తులో ఆ ముసలామె పేరు వదిలేయడం నాకు చాలా బాధనిపిస్తది.

పిత్రార్జితమైతే లెక్కకు రెండు మెట్లు. చనిపోకముందే పంపకం జరిగినట్టు ముందు అనుకోవాలి: నాయన, ముగ్గురు పిల్లలు, 45 గుంటల చొప్పున నాలుగు పాళ్ళు. మన దిక్కు ఈ పంపకంలో భార్యకు పాలు పెట్టరు. తర్వాత నాయన పాలైన 45 గుంటల్ని అమ్మ, పిల్లలు పంచుకుంటరు, 11.25 చొప్పున. చివరికి పిల్లలకు తలా 56.25, అమ్మకు 11.25. కూడి చూడండి, 180 వస్తది. అదే భూమి, అదే కుటుంబం, కానీ అమ్మకు వచ్చేది నాలుగో వంతుకు పడిపోయింది. అందుకే భూమి ఎట్ల వచ్చిందో తేల్చకుండా లెక్క మొదలుపెట్టొద్దు. పాత పహాణీలో (ఊరి భూముల రికార్డులో) తాత పేరు కనబడగానే పిత్రార్జితం అనుకోవద్దు కూడా. తాత సొంతంగా కొన్న భూమి, ఆయన 1956 చట్టం వచ్చినంక చనిపోయి నాయనకు వారసత్వంగా వస్తే, అది నాయన సొంత ఆస్తి కిందికే వస్తది.

"కట్నం ఇచ్చినం గద, బిడ్డకు ఇంకేం పాలు?" అంటరు. కట్నంతో వాటా తీరదు. పిత్రార్జితంలో ఆడపిల్లకు పుట్టుకతోనే హక్కు ఇచ్చింది 2005 సవరణ. నాయన అంతకుముందే పోయినా ఆ హక్కు ఉంటదని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు చెప్పింది. అయితే 2004 డిసెంబర్ 20 కంటే ముందే చట్టప్రకారం అయిపోయిన పంపకాలను తిరగదోడలేం. చెల్లె తన పాలు మనస్ఫూర్తిగా అన్నలకు వదులుకుంటానంటే రిజిస్టర్ దస్తావేజు రాయించండి. తెల్లకాగితం మీద వేలిముద్ర చెల్లదు.

పట్టా మార్పిడికి దరఖాస్తు 2025 ఏప్రిల్ 14 నుంచి పాత భూమి రికార్డుల పోర్టల్ ధరణిలో కాదు, కొత్త పోర్టల్ భూభారతిలో. పాస్‌బుక్కులో ఒక్క అన్న పేరే ఎక్కినంత మాత్రాన మిగిలినోళ్ళ వాటా పోదు.

దేవరకొండ దిక్కు తండాల వాళ్ళకు ఒక మాట: ఈ హిందూ వారసత్వ చట్టం షెడ్యూల్డ్ తెగలకు నేరుగా వర్తించదు. వకీలును అడిగినంకనే ముందుకు పోండి.

ఇంటి పని: సొంతంగా కొన్న అదే 180 గుంటలు. పెద్దకొడుకు నాయన కంటే ముందే బొంబాయిలో పనికి పోయి చనిపోయిండు. అతనికి భార్య, ఇద్దరు పిల్లలు. నాయనమ్మ లేదు. చనిపోయిన కొడుకు ఇంటికంతటికీ కలిపి ఒకటే వాటా. ఆ ముగ్గురికి తలా ఎన్ని గుంటలు?